ఠాణా పుస్తకంలో నా పేరు

4 ఆగస్టు 1990, శనివారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి జమియ్యా స్టోర్ వాళ్లు ఊరికే ఇచ్చింది. ఏడు నెలలు పెట్టెలో ఖాళీగా పడుంది. వండాను, తుడిచాను, ఉతికాను అని రోజూ రాసుకోవడానికి ఎనిమిదో తరగతి దాకా చదవక్కర్లేదు. ఇప్పుడు రాయాల్సింది వచ్చింది.

మొన్న గురువారం ఇరాక్ వాళ్లు కువైట్‌లోకి వచ్చేశారు. నిన్న మధ్యాహ్నం బాబా, నేను పనిచేసే ఇంటి యజమాని, ఇంటికి నడిచొచ్చాడు. కారు లేదు, టోపీ లేదు, పోలీసు చొక్కా లేదు. వీళ్ల పాదాల దాకా ఉండే చొక్కా దిష్దాషా, ఎవరిదో పొట్టిది తొడుక్కుని, పిక్కలు కనబడుతూ వచ్చాడు. ఈ జహ్రా ఊళ్లో బజారు వెనక ఠాణాలో ఖైదీల గదులకు తాళం వేసేది ఆయనే, వాళ్ల పేర్లు పుస్తకంలో రాసేదీ ఆయనే.

"లోపలున్న వాళ్లందర్నీ వదిలేశారు. తలుపులు బార్లా తీసేశారు," అని మామాతో, అంటే ఇంటావిడతో, చెప్పాడు. నేను టీ గ్లాసులు పెడుతూ విన్నాను. నవ్వు రాలేదని ఈ పుస్తకంలో అబద్ధం రాయను.

రెండేళ్ల కిందట ఆ లోపల నేనూ ఉన్నాను. మామా బంగారు గాజొకటి కనబడలేదు. నా పెట్టె బోర్లించారు, చీరల మడతలన్నీ దులిపారు. దొరకలేదు. అయినా బాబానే నన్ను కారెక్కించుకుని ఠాణాకు తీసుకుపోయి, తన చేత్తో లావు పుస్తకంలో రాశాడు. గంగాదేవి, హిందీ, దొంగ. ఇండియా వాళ్లందరినీ ఇక్కడ హిందీ అంటారు. నలభై మంది ఆడవాళ్లున్న గదిలో పదకొండు రోజులు ఉంచారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. పన్నెండో రోజు గాజు బట్టలుతికే మిషన్ రబ్బరు మడతలో దొరికింది. బాబా వచ్చి తలుపు తీసి "ఖలాస్, యల్లా" అన్నాడు, అయిపోయింది పద అని. మామా ఒక చీర ఇచ్చింది. దాని మడత ఇంతవరకు విప్పలేదు.

పుస్తకంలో మాట అట్లే ఉండిపోయింది. ఏటేటా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, పొడిగింపుకు పోతే గుమాస్తా కాగితం చూసి "హరామీ" అంటాడు. ఇక్కడ ఆ మాటకు దొంగ అని అర్థం. కొట్టేయమని బాబాను రెండుసార్లు అడిగాను. మొదటిసారి, "మేం ఉత్తినే ఎవర్నీ లోపల వెయ్యం గంగా" అన్నాడు. రెండోసారి అది కూడా అనలేదు.

రాసిన చెయ్యి ఆయనది. కొట్టేయగలిగిన చెయ్యీ అదే. కాబట్టి నా పేరు బాగయ్యేదాకా బాబా బతికుండాలి. ఎందుకో రాసి పెట్టుకుంటున్నాను, తరవాత నాకే వేరే కారణాలు తోచకుండా.

9 ఆగస్టు

ఎవరి దగ్గర తుపాకీ ఉన్నా తెచ్చి అప్పగించాలట. గడువు దాటాక ఇంట్లో దొరికితే ఆ ఇంటి మగవాణ్ణి వాకిట్లోనే కాల్చేస్తారట. మామా రేడియో కట్టేసి గోడకు ఆనుకుంది.

బాబా దగ్గర ఠాణా పిస్తోలు ఉంది. దాని మీద నంబరు పొడిచి ఉంది. తీసుకుపోయి ఇస్తే, నువ్వు పోలీసువి కదా అని అక్కడే పట్టుకుంటారు. పోలీసుల కోసం వీధి వీధీ వెతుకుతున్నారు. ఇవ్వకపోతే ఇల్లు సోదా చేసిన రోజు ఖలాస్. పెరట్లో పాతిపెడదామంటే ఎదురింటి మిద్దె మీద సైనికుడు కూర్చుని ఉన్నాడు.

"ఇటియ్యండి," అన్నాను.

స్టోర్ గదిలో బియ్యం బస్తాల వెనక నా రేకు పెట్టె ఉంది. అందులో వెంకటేశ్వరస్వామి పటం. పటం కింద పిస్తోలు పెట్టి, పైన తుండుగుడ్డ కప్పాను. పనిమనిషి పెట్టె ఎవరు చూస్తారని మామా అంది. రెండేళ్ల కిందట దాన్ని బోర్లించిన మనిషే ఆ మాట అంటోంది. చూస్తూ నిలబడ్డాను, తనే తల తిప్పుకుంది.

15 ఆగస్టు

పక్క సందులో ఇద్దరు పోలీసులను పట్టుకుపోయారు. బాబా ఎక్కడ దాక్కోవాలని పొద్దుట్నుంచీ ఒకటే గుసగుసలు.

మిద్దె మీద నా గది ఇచ్చాను. ఒక మంచం, ఇనుప చువ్వల చిన్న కిటికీ. బయట తాళం వేసి ఉంటే పనిమనిషి కిందికి పోయిందనుకుంటారు. తాళం ఒకటే, చెవీ ఒకటే. నా బొడ్లో దోపుకున్నాను.

"లోపల పెట్టి తాళం వేస్తావా?" అన్నాడు బాబా. నవ్వబోయాడు గానీ రాలేదు.

"ఉత్తినే ఎయ్యనులే బాబా," అన్నాను.

16 ఆగస్టు

తాళం చెవికి పెద్ద బరువేం లేదు. అయినా ఈ ఇంట్లో నా నడక మారింది. మామా కూడా చూసింది.

2 సెప్టెంబరు

రొట్టెల వరస దగ్గర సైనికులు ముందు ఏ దేశమని అడుగుతారు. కువైటీ అంటే పక్కకు లాగి కార్డు చూస్తారు. ఒక్కోసారి లారీ ఎక్కిస్తారు. హిందీ అంటే చెయ్యి ఊపేస్తారు, దోమను తోలినట్టు. వరసలో కూడా మేం చివరే. ఐదేళ్లుగా ఆ చూపుకు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ చూపు చాటునే బాబాకు రొట్టె, మందులు, బీడీల్లాంటి ఆ చుట్టలు తెస్తున్నాను. ఒళ్లు మాత్రం ఇప్పటికీ మండుతుంది.

11 సెప్టెంబరు

ఈ ఇంటి డ్రైవరు హుస్సేన్ వలి వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు. రాయచోటి పిల్లోడు. మా లక్కిరెడ్డిపల్లెకు బస్సులో గంట దూరం. మొదటి వారంలోనే సైనికులు కారు పట్టుకుపోయారు, అప్పట్నుంచీ పని లేదు.

"అక్కా, రేపు బస్సు పోతాండాది. బస్రా, బాగ్దాదు, ఆన్నుంచి అమ్మాను ఊరు. అమ్మానుకు మన ఇమానాలు వస్తాండాయంట. పేరు రాయించినా, నీది గూడా."

"నాది కొట్టేయించుబ్బీ."

"ఏందక్కా నువ్వు? ఈళ్లు నిన్ను జైల్లో ఏసినోళ్లు. ఈళ్లకోసరం ఈడ సస్తావా?"

"ఈళ్లకోసరం కాదులే. నా పేరుకోసరం."

వలి నమ్మలేదు. "పాసుపోర్టు లేదని గదా. అడుగుదాం పా," అని మామాను పిలిచాడు. మామా మిద్దెకు పోయి బాబాతో మాట్లాడి వచ్చింది. బీరువా తీసి నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. ఐదేళ్ల కిందట విమానాశ్రయంలో బాబా తీసుకున్నాక దాన్ని మళ్లీ చూడటం ఇదే. ఫోటోలో ఎంత సన్నగా ఉన్నాను.

"నీ కఫీల్ చెబుతున్నాడు, పోవచ్చని," అంది మామా. కఫీల్ అంటే యజమాని.

పాస్‌పోర్టును పటం కింద పిస్తోలు పక్కన పెట్టాను. వలితో ఊరికి ఉత్తరం పంపించాను. క్షేమమని రాశాను.

12 సెప్టెంబరు

వలి పోయినాడు. పేరు కోసమే ఉన్నాను, అది నిజం.

28 సెప్టెంబరు, శుక్రవారం

ఆయుధపూజ.

మా ఇంట్లో మా నాయన రంపం, బాడిస, ఉలి అన్నీ కడిగి బొట్లు పెట్టేవాడు. అన్నం పెట్టే ఇనుముకు ఏడాదికొక్కరోజు మొక్కాలని. ఇక్కడ ఐదేళ్లూ వంటింటి కత్తులకు, కీమా మిషనుకు, మామా కుట్టుమిషనుకు ఎవరూ చూడకుండా బొట్టు పెట్టేదాన్ని. నిమ్మకాయ దొరకదు. వీళ్లు మాంసంలో వేసే నల్లటి ఎండు నిమ్మకాయ ఉంటుంది, అదే దిష్టి తీసి పెట్టాను.

చివరికి పెట్టె తెరిచి స్వామికి బొట్టు పెట్టాను. కింద అదుంది. ఇంట్లో ఇనుమన్నదానికంతా పెట్టి దాన్నొక్కదాన్నే వదిలేస్తే ఎట్లా? పైగా ఒక మనిషి ప్రాణం దాని మీద ఉంది. పసుపు రాసి, కొబ్బరినూనెలో కలిపిన కుంకుమతో పిడికి మూడు, గొట్టానికి మూడు బొట్లు పెట్టాను. ముద్దొచ్చింది.

29 సెప్టెంబరు

మామా చూసింది. బియ్యానికని వచ్చి, పెట్టె మూత సరిగా పడకపోతే ఎత్తి చూసింది.

"ఏం చేశావిది? రంగు పూశావా? పిచ్చిదానా, ఇప్పుడే తుడువు."

"మూడు రోజులు తుడవకూడదు మామా. సోమవారం తుడుస్తా."

"నేను చెబుతున్నాను, తుడువు."

"నీ కుట్టుమిషనుకు కూడా ఉంది. అది కూడా సోమవారమే."

ఐదేళ్లలో మామాకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. చెప్పి, పెట్టె మూత నేనే వేశాను.

4 అక్టోబరు, గురువారం

వరసగా రాస్తాను. ఒక్కటీ వదలను.

ఆదివారం పొద్దున పది గంటలకు నలుగురు సైనికులు, ఒక కెప్టెన్ వచ్చారు. కెప్టెన్ చిన్నవాడే, మీసం మాత్రం పెద్దది. "ముత్లక్ ఎక్కడ?" అన్నాడు. అది బాబా పేరు. ఎవరో చెప్పారన్నమాట. సెలవులకు కైరో పోయాడు, రాలేదు అని మామా చెప్పింది. మేం అనుకున్న అబద్ధమే, బాగానే చెప్పింది.

బీరువాలు బోర్లించారు. దిండ్లు కోశారు. వాటిలో ఏం దొరుకుతుందనో. ఈ డైరీని కూడా తీసి పుటలు తిప్పారు. "ఇదేమిటి?" అన్నాడు కెప్టెన్. "వంటలు," అన్నాను. కింద పడేశాడు.

ఒకడు మిద్దె మీదికి పోయి మెట్ల మీంచి అరిచాడు, పైన ఒక గది ఉంది, తాళం వేసి ఉంది అని. పనిమనిషి గది అంది మామా. కెప్టెన్ నా వైపు చెయ్యి చాచాడు. "చెవి."

చెవి నా బొడ్లో ఉంది. మామా మొహం పిండి ముద్దలా పాలిపోయింది. నేను కొంగు సర్దుకుంటున్నట్టు నటిస్తున్నాను, ఒక్క నిమిషం ఎట్లా గడపాలా అని. అప్పుడే స్టోర్‌లోంచి ఇంకొకడు కేక పెట్టాడు. అందరూ అటు పరిగెత్తారు.

నా పెట్టె తెరిచి ఉంది. పటం కింద పడుంది. వాడి అరచేతిలో పిస్తోలు, ఎర్రగా పచ్చగా.

"ఎవరిది?" అన్నాడు కెప్టెన్ మామాతో, మెల్లగా. వాడు మెల్లగా అడిగినందుకే నాకు భయమేసింది. మామా నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో నాకు తెలియదు, ఆమెకూ తెలియదనుకుంటా.

"నాది," అన్నాను.

కెప్టెన్ నన్ను చూశాడు, బొట్లను చూశాడు, పటాన్ని చూశాడు. "ఇది బస్రాలో చూశాను. రోడ్లు వేసే హిందీలు బుల్‌డోజర్లకు ఇట్లాగే పెడతారు," అని తన వాళ్లతో అన్నాడు. నాతో, "నీకెక్కడిది?" అన్నాడు.

"ఆ గురువారం పోలీసులందరూ బట్టలూ తుపాకులూ పారేసి పరిగెత్తారు. ఠాణా ముందు కాలవలో దొరికింది. పండగకు ఇనుమును మొక్కుతాం. మొక్కాను."

ముందు కెప్టెన్ నవ్వాడు, తరవాత సైనికులు. ఒకడైతే కళ్లు తుడుచుకున్నాడు. హిందీ దానికి తుపాకీ అని ఒకరికొకరు చెప్పుకుని మళ్లీ నవ్వారు. వాళ్ల చట్టంలో ఇంటి మగవాణ్ణి కాల్చాలని ఉంది, పూజ చేసిన పనిమనిషిని ఏం చెయ్యాలో లేదు. లారీ ఎక్కమన్నారు. మిద్దె గది సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మామా చెప్పినట్టు శనివారమే తుడిచి ఉంటే అది ఇంటి మగవాడి పిస్తోలే అయ్యేది, ఇల్లంతా వెతికేవాళ్లు.

తీసుకుపోయింది ఎక్కడికి? అదే ఠాణాకు, అదే ఆడవాళ్ల గదికి. తలుపు పక్క గోడ మీద నేను పిన్నీసుతో గీసిన పదకొండు గీతలు అట్లే ఉన్నాయి. అప్పుడు ఆ గదిలో ఉన్నది మేమే, హిందీలు, శ్రీలంక వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు. ఇప్పుడు అందరూ కువైటీ ఆడవాళ్లు. మొగుళ్లు దొరక్కపోతే పెళ్లాలను తెచ్చారు. ఒక టీచరమ్మ తలుపు బాదుతూ ఉంది, మేమేం చేశాం, ఒక్కరైనా అడగరేం అని.

"బాదొద్దమ్మా, చేతులు వాస్తాయి. ఎవరూ రారు," అన్నాను.

నాకు తెలిసిందంతా చెప్పాను. కిటికీ కింద వంతులవారీగా కూర్చోవాలని, నీళ్ల డబ్బా తలుపు దగ్గర పెడితే తన్నేస్తారని, గాలి ఏ మూలకు వస్తుందో. ముసలావిడను ఆ మూల పడుకోబెట్టాను. మొదటి రోజు "ఓ హిందియ్యా" అని పిలిచారు. రెండో రోజు గంగా అన్నారు. టీచరమ్మ అడిగింది, ఇవన్నీ నీకెట్లా తెలుసని.

"రెండేళ్ల కిందట ఇక్కడే పదకొండు రోజులున్నా."

"ఏం చేశావు?"

"మీరు చేసిందే."

టీచరమ్మ లేచి కిటికీ కింద తన వంతు నాకిచ్చింది.

నిన్న కెప్టెన్ వచ్చి, "హిందీ, పోయి వంట చేసుకో," అని తలుపు తీశాడు. పనిమనిషి చేతిలో తుపాకీ అంటే వాడికి చివరిదాకా నవ్వే. దారంతా కోపంతో నడిచాను. అప్పుడు నేను తియ్యలేదంటే నమ్మలేదు, ఇప్పుడు నాదే అంటే నవ్వారు. ఈ దేశంలో నా మాటకు ఎవరు వచ్చినా విలువ లేదన్నమాట. అయినా ఆ వీధిలో నాలా తలెత్తుకుని నడిచిన మనిషి ఇంకొకరు లేరు.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, చెవి నా బొడ్లోనే ఉందని. మూడు రోజులూ బాబా లోపలే. తాళం పగలగొడితే ఎదురు మిద్దె సైనికుడికి వినబడుతుందని మామా చీకటి పడ్డాక చువ్వల సందులోంచి రొట్టె, నీళ్లు ఇచ్చిందట. నేను తలుపు తీశాను. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి, వాసనతో ఉన్నాడు. వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మూడు రోజులు," అన్నాడు.

"నాది పదకొండు," అన్నాను.

ఆయన మంచం అంచున కూర్చుని ఏడ్చాడు. నాకూ వచ్చింది. కిందికి దిగి ఏడ్చాను.

17 జనవరి 1991

బాంబులు మొదలు. గోడలు ఊగుతున్నాయి. మామా, నేను ఒకే పరుపు మీద మెట్ల కింద.

2 ఫిబ్రవరి

బాబాకు జ్వరం. గంజి కాచి పోశాను. పేరు కోసమే.

27 ఫిబ్రవరి

పోయారు. నిన్నంతా రోడ్డు మీద వాళ్ల లారీలు ఉత్తరానికి. ఇవాళ చమురు బావుల పొగతో మధ్యాహ్నమే దీపం పెట్టాం. బాబా మెట్లు దిగి వీధి వాకిట్లో నిలబడ్డాడు, ఏడు నెలల తరవాత. మామా నన్ను గట్టిగా పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.

9 మార్చి

బాబా ఠాణాకు పోయి వచ్చాడు. వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. ఆయన అక్కడికి ఎప్పుడూ రాడు.

"గంగా, పుస్తకాలన్నీ కాల్చేశారు. బూడిద తప్ప ఏం లేదు. నీ పేరు లేదు. ఖలాస్, మంచిదే కదా."

నేను వంకాయ కోస్తున్నాను. కత్తి కింద పెట్టాను. ఏడు నెలలు. పిస్తోలు, పాస్‌పోర్టు, వలితో పోని బస్సు, ఆ గది. అన్నీ ఒక గీత కోసమని ఇందులో ఎన్నిసార్లు రాసుకున్నాను. ఆ గీత గీయాల్సిన కాగితమే లేదంటున్నాడు. కాలిపోతే మంచిదట. గుమాస్తా నోట్లో మాట కాలిపోతుందా?

ఆ గీత కోసమే అయితే ఆయనకు గంజి పోయడం దేనికి? ఇప్పుడైనా నిజం రాయాలి. చావనివ్వలేకపోయాను. అంతే. అది నా గుణం, సిగ్గుపడను. కానీ నా పేరు నాకు కావాలి.

"కొత్త పుస్తకం వచ్చిందా బాబా?"

"వచ్చింది."

"మొదటి పుట నాది. దొంగ కాదని రాయి. మామా వచ్చి చదవాలి."

లోపలి గదిలో మామా విన్నది. తరవాత మామా బయటికి పోయేటప్పుడు వేసుకునే నల్ల అబాయా తీసి ఇస్త్రీకి నా చేతికివ్వకుండా తనే ఇస్త్రీ చేసుకుంది.

12 మార్చి

ముగ్గురం పోయాం. ఠాణాలో బల్ల కాలి మసిగా ఉంది. దాని మీద కొత్త పుస్తకం. బాబా మొదటి పుట నిజంగానే ఖాళీగా ఉంచాడు. నా ముందే రాశాడు. మామా చదివింది, ఒక్కో మాటకూ నాకు అర్థం చెబుతూ.

"గంగాదేవి, హిందీ. దొంగ కాదు. గాజు మా ఇంట్లోనే దొరికింది. తప్పు..." ఇక్కడ ఆగింది. "తప్పు మాది. మళ్లీ ఇదే ఠాణాలో మూడు రోజులు ఉంది, నా ప్రాణం కోసం."

కింద సంతకం పెట్టమన్నారు. తెలుగులో పెట్టాను. పెద్దగా, దీర్ఘాలన్నీ కనబడేట్టు. ఆ పుస్తకంలో తెలుగు అదొక్కటే.

సిరా ఆరాక పుట తిప్పాను. రెండో పుట నిండి ఉంది. మూడోది కూడా. తొమ్మిది పుటలు. నాకు అరబ్బీ చదవడం రాదు గానీ, రెండో గడిలో ఒకే మాట పై నుంచి కింది దాకా ఉండటం కనబడింది. నా వరసలో హిందీ అని ఉన్న చోటు అది.

"ఏముంది మామా?"

"ఫలస్తీనీ," అని చదివింది. పాలస్తీనా వాళ్లన్నమాట. "ఫలస్తీనీ. ఫలస్తీనీ. సూడానీ. ఫలస్తీనీ."

"మూడో గడిలో? ఏం చేశారని?"

మామా వేలితో వెతికింది. మూడో గడి ఖాళీ. ఖైదీల గది తలుపు వెనక ఎవరో బాదుతున్నారు.

"ఏం చేశారు బాబా వీళ్లంతా?"

"వాళ్లు ఇరాక్ వాళ్లకు సాయం చేశారని... మేం ఉత్తినే ఎవర్నీ..." అన్నాడు. గోడ వైపు చూశాడు.

నేను కలం ఆయన చేతిలో పెట్టాను.

"ప్రతి పేరు పక్కన కొంచెం జాగా వదిలిపెట్టు బాబా. మళ్లీ కొట్టేసేటప్పుడు కావాల."

నేను బయటికి వస్తూ చూశాను. ఆయన కలం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. తరవాత లేచి, నీళ్ల డబ్బా తీసుకుని, ఆ తలుపు వైపు పోయాడు. బాదడం ఆగింది.

రేపు ఇఖామాకు పోవాలి. మామా ఇచ్చిన చీర మడత విప్పి పెట్టాను. అదే కట్టుకుపోతాను.